డిక్కీ మీద స్పాయిలర్: జిగురుతో అతికిస్తే నిలుస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సెడాన్ కారు ఉంది. డిక్కీ అంచున పెట్టుకునే చిన్న స్పాయిలర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది, కిలో పైచిలుకు ఉంటుంది. యాక్సెసరీస్ షాపులో ఒకాయన రంధ్రాలు కొట్టి బోల్టులు బిగించాల్సిందే అన్నాడు. ఇంకో షాపాయన సిలికాన్ పెట్టి అరగంటలో అతికించి ఇస్తానన్నాడు. మా నాయనేమో డిక్కీకి ఒక్క రంధ్రం కూడా పడేదానికి వీల్లేదంటున్నాడు. పోయినేడు వెనక నుంచి ఆటో తగిలితే డిక్కీకి టింకరింగ్ చేయించి పెయింట్ వేయించాం. నేను వారం వారం చెన్నైకి పోయి వస్తుంటాను. దారిలో ఊడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అతికించొచ్చా? ఏం పెట్టి అతికించాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: తమ్ముడూ, అతికించొచ్చు. కిలో, కిలోంబావు బరువుండి డిక్కీ అంచుకు ఆనుకుని కూర్చునే చిన్న స్పాయిలర్‌కు బోల్టులు అక్కర్లేదు. కార్ల కంపెనీలే తలుపుల మీది బీడింగులు, వెనక ఉండే పేర్ల బ్యాడ్జీలు చాలావరకు డబుల్ సైడ్ టేపుతో అంటిస్తాయి. అయితే నీ ఉత్తరంలో మాటల మధ్యలో చెప్పేసి వదిలేసిన సంగతి ఒకటుంది. ఆటో తగిలి డిక్కీకి పెయింట్ వేయించామన్నావు చూడు, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యంగా కనబడింది. ముందు దాని సంగతి తేల్చుకోవాలి, జిగురు సంగతి తర్వాత.

నువ్వు స్పాయిలర్‌ను అంటించేది రేకుకు కాదు, రేకు మీదున్న పెయింటుకు. పెయింటు కింద ప్రైమర్ ఉంటుంది, దెబ్బ తగిలిన చోట దాని కింద పుట్టీ ఉంటుంది, ఆ కింద రేకు. ఇన్ని పొరల్లో దేని పట్టు తక్కువైతే అక్కడే ఊడుతుంది. పైన ఎంత ఖరీదైన టేపు పెట్టినా లాభం లేదు, పెయింటు పెచ్చుతో సహా లేచి వస్తుంది. ఫ్యాక్టరీ పెయింటు ఓవెన్‌లో కాల్చింది కాబట్టి దాంతో బెంగ లేదు. బయట షాపుల్లో మాత్రం రెండు రకాలు నడుస్తాయి, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) అని, పీయూ (పాలీయురేథేన్) అని. ఎన్‌సీ పెయింటు అందులోని థిన్నర్ ఆవిరైపోవడం వల్ల గట్టిపడుతుంది, మళ్లీ థిన్నర్ తగిలితే కరిగిపోతుంది. పీయూలో హార్డెనర్ కలుపుతారు. ఒకసారి గట్టిపడ్డాక థిన్నర్‌కు అంత తేలిగ్గా లొంగదు.

నీ డిక్కీకి ఏది వేశారో తెలుసుకోవడానికి తెల్లటి పాత బట్ట కొసను థిన్నర్‌లో ముంచి, స్పాయిలర్ కింద దాగిపోయే చోట పావలా అంత మేర మెల్లగా రుద్దు. బట్టకు కారు రంగు అంటిందంటే అది ఎన్‌సీ. దాని మీద అతికించే ఆలోచన మానుకో. రంగు రాకపోతే పీయూ అనుకోవచ్చు. తర్వాత ఫ్రిజ్‌కు పెట్టుకునే అయస్కాంతాన్ని పల్చటి కాగితంలో చుట్టి డిక్కీ అంచు పొడవునా జరిపి చూడు. మిగతా చోట్ల పట్టుకుని ఒకచోట జారిపోతోందంటే అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్టు. మందపు పుట్టీ మీద టేపు పట్టినా, లాగుడు పడితే పుట్టీయే రేకును వదిలేస్తుంది. సరిగ్గా స్పాయిలర్ కూర్చునే గీత మీదే అలాంటి మచ్చ ఉంటే, పని తెలిసిన పెయింటర్ చేత అక్కడ రేకు దాకా తీయించి పీయూ వేయించుకోవడం మంచిది. ఎలాగూ స్పాయిలర్‌కు కారు రంగు వేయించాలి కదా, రెండూ ఒకేసారి అయిపోతాయి. కొత్త పెయింటు తర్వాత కనీసం ఒక నెల ఆగు. లోపలి థిన్నర్ పూర్తిగా బయటికి పోకముందే టేపుతో మూసేస్తే ఆ ఆవిరి టేపు కిందే చేరి పట్టు పాడుచేస్తుంది.

ఇక ఏది పెట్టాలన్న విషయం. నీకు సరిపోయేది అక్రిలిక్ ఫోమ్ టేపు. త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ పేరుతో 1980లో తెచ్చిన రకం అది, ఇప్పుడు ఇంకొన్ని కంపెనీలు కూడా చేస్తున్నాయి. స్పాయిలర్‌తో పాటే వెనకాల అంటించి పంపిన టేపును నమ్మొద్దు. చాలాసార్లు అది మామూలు స్పాంజి టేపు. కొస పట్టుకుని లాగి చూడు. స్పాంజి టేపు పుటుక్కున తెగి పొడిపొడిగా రాలుతుంది. అక్రిలిక్ ఫోమ్ అయితే రబ్బరులా సాగుతుంది, తెగడానికి మొండికేస్తుంది. టేపు మీద ఊడదీసే ఎర్ర కాగితం ఉన్నంత మాత్రాన అసలుది కాదు, ఎర్ర కాగితం ఎవడైనా అంటిస్తాడు.

అది నీ స్పాయిలర్ బరువును మోస్తుందా అంటే, లెక్క వేసి చూద్దాం. కదలకుండా వేలాడే బరువుకు కిలోకి సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు ఉండాలని ఆ కంపెనీ చెప్పే లెక్క. నీది కిలోంబావు అనుకుంటే 70 చాలు. 110 సెంటీమీటర్ల స్పాయిలర్‌కు 12 మిల్లీమీటర్ల టేపును పైవరస, కిందివరస రెండు గీతలుగా వేస్తే 260 దాటుతుంది. అంటే కావలసినదానికి మూడున్నర రెట్లు. ఈ మిగులు గాలి కోసం. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు అవుతుంది. ఊళ్లో 50లో పోయేటప్పుడు పట్టించుకోనక్కర్లేని గాలి, చెన్నై దారిలో 100లో నాలుగు రెట్ల బలంతో కొసల్ని వెతుక్కుంటుంది. కొసలనే ఎందుకు అంటున్నానంటే, టేపుకు పక్కకు లాగే బలం లెక్కే కాదు, ఒక మూల నుంచి పైకి లేపే బలమే దాని ప్రాణం తీస్తుంది. అరటి తొక్క ఒక కొస దొరికితే చాలు మొత్తం ఊడి వస్తుంది కదా, ఇదీ అంతే. అందుకే రెండు చివర్లలోనూ టేపును అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరం దాకా తీసుకెళ్లాలి, అక్కడ వీలైతే అడ్డంగా ఒక ముక్క అదనంగా వెయ్యాలి.

సిలికాన్ వద్దు. పుల్లటి వాసన కొట్టే రకంలోంచి ఎసిటిక్ యాసిడ్ వెలువడుతుంది, పెయింటు లేచిన చోట రేకు కనబడితే తుప్పు అక్కడ మొదలవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, దాని జిడ్డు పెయింటు మీద ఉండిపోతుంది. రేపు ఎప్పుడైనా ఆ డిక్కీకి మళ్లీ రంగు వేయించాల్సి వస్తే, జిడ్డు ఉన్న చోటల్లా పెయింటు గుంటలు గుంటలుగా విడిపోతుంది. పైగా అరగంటలో ఆరేది పైన తోలు మాత్రమే. ఇలాంటి జిగురు గాల్లోని తేమ తగిలితే గట్టిపడుతుంది. ప్లాస్టిక్‌కూ పెయింటుకూ నడుమ ఇరుక్కున్న దానికి తేమ అంచుల నుంచి మాత్రమే అందుతుంది కాబట్టి మధ్యలో రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. అరగంటలో బండి చేతికిస్తానన్నాయన మాట ఈ ఒక్క కారణంతోనే వినకూడదు.

ఫెవిక్విక్, ఎంసీల్, అరాల్డైట్ లాంటివీ వద్దు. గట్టిగా ఉంటాయి, నిజమే, కానీ ఆ గట్టితనమే ఇక్కడ పనికిరాదు. మన తిరుపతి ఎండల్లో చూడు. తెల్లవారుజామున చల్లగా ఉన్న డిక్కీ మధ్యాహ్నం బయట పార్కింగ్‌లో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 1.2 మీటర్ల ఏబీఎస్ ముక్క దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కింద ఉక్కు రేకు అర మిల్లీమీటరు మాత్రమే. రోజూ ఈ మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తేడాను ఏదో ఒకటి భరించాలి. ఫోమ్ టేపు సాగి భరిస్తుంది. గట్టి జిగురు సాగదు. ఒకరోజు బీటలిస్తుంది, లేదంటే పెయింటును చీల్చుకుని వస్తుంది.

కార్ల ముందు అద్దాలు అతికించే పీయూ జిగురు గురించి కూడా ఎవరైనా చెప్తారు. అది మంచిదే, గట్టిదే, కాస్త సాగుతుంది కూడా. స్పాయిలర్ వెనకభాగం ఎగుడుదిగుడుగా ఉండే ఫైబర్ రకాలకు టేపుతో పాటు అదీ పెడతారు. పీయూ గట్టిపడేదాకా టేపు పట్టుకుని ఉంటుంది. కానీ తర్వాత తీయాలంటే పెయింటు మీద ఆశ వదులుకోవాలి. నీ ఏబీఎస్ ముక్క డిక్కీ మీద సరిగ్గా కూర్చుంటే టేపు ఒక్కటే చాలు.

సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్నది టేపు కొనకముందే చూసుకో. ఉత్త స్పాయిలర్‌ను డిక్కీ మీద పెట్టి, చెయ్యి తీసేసి, చుట్టూ వంగి చూడు. ఎక్కడైనా మిల్లీమీటరు కంటే ఎక్కువ సందు కనబడితే మామూలు మందం టేపు దాన్ని పూడ్చలేదు. చివర్లు లేచి ఉంటే నొక్కి పట్టి అంటించేద్దాం అనిపిస్తుంది. అది మాత్రం చేయకు. అలా బలవంతాన వంచి అంటించిన ప్లాస్టిక్ మళ్లీ తన ఆకారానికి పోవాలని రాత్రీ పగలూ టేపును పైకి లాగుతూనే ఉంటుంది. మేలో ఎండకు టేపు మెత్తబడిన రోజున అది గెలుస్తుంది. నీ మోడల్‌కు చేసింది కాకపోతే వెనక్కి పంపించెయ్యి. ఊడిపోయిన స్పాయిలర్ల గురించి విన్నప్పుడల్లా జిగురును తిడతారు గానీ, తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

కూర్చుంది అనుకుందాం. డిక్కీ రెండు పక్కల నుంచీ కొలత టేపుతో కొలిచి మధ్య గీత చూసుకుని, స్పాయిలర్ చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి హద్దు గుర్తు పెట్టుకో. డిక్కీ మీద నీళ్లు చల్లి చూడు. ముత్యాల్లా గుండ్రంగా జారిపోతున్నాయంటే వ్యాక్సో, టెఫ్లానో, సిరామిక్ కోటింగో ఉన్నట్టే. టేపు వాటిని పట్టుకోదు. హద్దు లోపల మాత్రం రబ్బింగ్ కాంపౌండ్‌తో దాన్ని తీసేసి, షాంపూ నీళ్లతో కడిగి ఆరనివ్వు.

ఆఖరి తుడుపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి చెయ్యి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, కంటికి కనబడని జిడ్డు మిగులుస్తుంది. పెట్రోలుదీ అదే సమస్య. థిన్నర్ అయితే ఏబీఎస్‌నే కరిగిస్తుంది. నూలు పోగులు రాలని రెండు బట్టలు దగ్గర పెట్టుకో. ఒకదాన్ని తడిపి ఒకే దిక్కుగా తుడువు, ఆ తడి ఆరిపోకముందే రెండో పొడిబట్టతో తీసెయ్యి. తడి దానంతటది ఆరిపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. బట్ట మురికి కాకుండా వచ్చేదాకా ఇలాగే చేస్తూ పో. స్పాయిలర్ వెనకవైపు టేపు పడే చోట స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు పోయేంత మాత్రం రుద్ది, అదే పద్ధతిలో తుడువు. అచ్చులోంచి తేలిగ్గా రావడానికి పూసిన మందు దాని మీద మిగిలి ఉంటుంది. ప్లాస్టిక్ వైపు టేపు వేసేముందు, టేపు పట్టు పెంచడానికి త్రీఎం వాళ్లే అమ్మే ప్రైమర్ 94 అనే ద్రవాన్ని పల్చగా ఒక చెయ్యి పూస్తే ఇంకా మంచిది. కారు పెయింటు మీద మాత్రం అది టేపు హద్దు దాటి చుక్క కూడా పడనివ్వకు, మరక పడుతుంది. ఇదంతా అయ్యాక వేలు పెట్టి చూడొద్దు. వేలికుండే జిడ్డు చాలు పని చెడగొట్టడానికి.

ఏ వేళ చేస్తావన్నది కూడా చూసుకోవాలి. రేకు, ప్లాస్టిక్ రెండూ 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు టేపు బాగా పడుతుంది. ఎండాకాలంలో అయితే నీడలో పొద్దున ఏడెనిమిది గంటల వేళ. మధ్యాహ్నం కాలే రేకు మీద ఆల్కహాల్ తుడిచేలోపే ఎగిరిపోతుంది, టేపు తగలగానే పట్టేసి సర్దుకోనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎప్పుడు పడతాయో తెలియదు, ఆ నెలల్లో అయితే మూసిన షెడ్డులోనే చెయ్యి.

టేపును ముందు స్పాయిలర్‌కు అంటించి గట్టిగా నొక్కు. పై కాగితం మొత్తం ఒకేసారి ఊడదీయకుండా, ప్రతి కొస దగ్గర కొద్దిగా తీసి పక్కకు మడిచి బయటికి వేలాడేలా ఉంచుకో. స్పాయిలర్‌ను గుర్తుల మధ్య పెట్టి, ఇంకొకరిని వెనక నుంచి వరస చూడమని, సరిపోయింది అనుకున్నాక ఆ కాగితాలను ఒక్కొక్కటిగా మెల్లగా లాగు. తర్వాత డిక్కీ మూసే ఉంచి, అరచేత్తో మధ్య నుంచి చివర్ల వైపు, అంగుళం అంగుళం నొక్కుతూ పో. ఈ టేపు పట్టుకునేది ఒత్తిడితోనే. రేకు సొట్టపడేలా ఒకచోట మోచెయ్యి పెట్టొద్దు, బరువు పరిచి నొక్కాలి.

అక్కడితో పని అయిపోయినట్టు కనబడుతుంది, కాలేదు. మామూలు వేడిలో 20 నిమిషాలకు సగం పట్టు వస్తుంది, 24 గంటలకు 90 శాతం, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు. ఈ మూడు రోజులూ హైవే వద్దు, వాటర్ వాష్ వద్దు. చెన్నై నుంచి వచ్చిన మరునాడే అంటించుకుంటే నీకు మళ్లీ ప్రయాణానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత కూడా సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ను స్పాయిలర్ అంచుకు దగ్గరగా పెట్టి కొట్టొద్దని చెప్పు. ఇంకొకటి, డిక్కీ మూసేటప్పుడు స్పాయిలర్‌ను పిడిలా పట్టుకుని లాగే అలవాటు అందరికీ వస్తుంది. కొండకు పోయేటప్పుడు అలిపిరి దగ్గర డిక్కీ తెరిపించి చూస్తారు కదా, అక్కడ దిగి నువ్వే మూసుకో, చెయ్యి రేకు మీద పెట్టి.

బోల్టుల మాట పూర్తిగా కొట్టిపారేయను. కాళ్ల మీద పైకి లేచి నిలబడే పెద్ద వింగ్ అయితే గాలి దాన్ని వెనక్కి, పైకి మెలితిప్పుతుంది. దాన్ని టేపుతో పెట్టడం తప్పు, బోల్టులే ఉండాలి. నీది అది కాదు కాబట్టి మీ నాయన మాటే సరైనది. రంధ్రం పెట్టిన చోట రేకు అంచు పచ్చిగా ఉంటుంది, దానికి ప్రైమర్ పూసి సీలు చేయకపోతే తుప్పూ పడుతుంది, డిక్కీలోకి నీళ్లూ వస్తాయి.

ఈ చిన్న స్పాయిలర్ వల్ల బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని మాత్రం అనుకోకు. మన రోడ్ల మీద మనం పోయే వేగాల్లో అది అందానికే. ఆ ధైర్యంతో మొగిలి ఘాట్ మలుపుల్లో వేగం పెంచొద్దు. వెనక అద్దంలోని బ్రేక్ లైటుకు, రివర్స్ కెమెరాకు అది అడ్డం రాకుండా చూసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. అందుకని అతికించే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఒక మాట అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజెయ్యి.

అతికించిన మొదటి నెలలో వారానికోసారి, తర్వాత ప్రతి చెన్నై ప్రయాణం ముందు, రెండు కొసల దగ్గర ఒక కాగితం ముక్క దూర్చి చూడు. దూరకపోతే బయల్దేరు. దూరిందంటే ఆ రోజు హైవే ఎక్కొద్దు. మళ్లీ నొక్కితే అంటుకున్నట్టే ఉంటుంది గానీ, దుమ్ము పట్టిన టేపు తిరిగి పట్టదు. కొసన ఫెవిక్విక్ చుక్క వేసి సరిపెట్టుకోవడం ఇంకా ప్రమాదం. 100లో పోతున్నప్పుడు ఊడిన కిలో బరువు ముక్క వెనక బైకు మీద వస్తున్నవాళ్ల మీదే పడుతుంది. దారి మధ్యలో కొస లేచిందని తెలిస్తే బండి పక్కకు ఆపి స్పాయిలర్‌ను మొత్తం తీసెయ్యి. చేత్తో పీకితే పెయింటు వస్తుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం ఒక చుట్ట డిక్కీలో ఉంచుకుని, స్పాయిలర్ కిందికి దూర్చి రెండు చేతులా రంపంలా అటూ ఇటూ లాగితే ఫోమ్ మధ్యకు తెగి వస్తుంది. పెయింటు మీద మిగిలిన టేపును ఇంటికొచ్చాక హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి బొటనవేలితో దొర్లిస్తే ఉండలు కట్టి ఊడిపోతుంది. స్పాయిలర్ వెనకదీ అలాగే తీసి, కొత్త టేపుతో మళ్లీ మొదటి నుంచి చెయ్యి.